ఎండ తిన్న ద్రాక్ష

సాంటొరిని దీవిలో ద్రాక్షతీగకి పందిరి వెయ్యరు. వేస్తే సముద్రపు గాలి రెండు రోజుల్లో పీకి పారేస్తుంది. అందుకని అక్కడివాళ్లు తీగని నేల మీదే గుండ్రంగా చుట్టి చుట్టి బుట్టలా అల్లుతారు. గుత్తులు ఆ బుట్ట లోపల, ఆకుల చాటున, గాలికీ ఎండకీ దొరక్కుండా పండుతాయి.

కల్యోపి అవ్వ తోటలో అలాంటి బుట్టలు నలభై. కోసిన గుత్తుల్ని ఆవిడ పన్నెండు రోజులు నేల మీద పరిచి ఎండబెడుతుంది. బాగా ముడతలు పడ్డాక పిండి, పెద్దవాళ్లు పండగకి తాగే తియ్యటి వైన్ చేస్తుంది. ఎండే గుత్తులకి కాపలా గాడిద.

"పోయినేడు సగం పీపా కూడా నిండలేదు," అంది అవ్వ గాడిద చెవి పట్టుకుని. "ఈ ఏడూ తగ్గిందో, నిన్ను రేవుకి పంపేస్తాను. ఓడ దిగినవాళ్లని మోసుకుంటూ ఆరు వందల మెట్లు ఎక్కుదువుగాని."

ఆ మాట వినగానే గాడిద వెళ్లి గుత్తుల పక్కన నిలబడింది. మొదటి రోజంతా రెప్ప వెయ్యకుండా కాపలా కాసింది. రెండో రోజు మధ్యాహ్నం మాత్రం ఒక్క కునుకు తీసింది. లేచి చూస్తే గుత్తులు తగ్గాయి.

"ఏమిటల్లుడూ, అలా నిలబడిపోయావు?" అంది గోడ మీది నక్క, మూతి తుడుచుకుంటూ.

"నక్క మామా, ద్రాక్ష తగ్గిపోతోంది!"

"తగ్గదా మరి? పైకి చూడు. పొద్దున్నించీ తింటూనే ఉన్నాడు."

"ఎవరు?"

"సూర్యుడు! మొన్న గోళీల్లా ఉన్న పళ్లు ఇవాళ చిక్కిపోయాయా లేదా? ఇవాళ చిక్కినవి రేపు మాయం. ఆయన్ని నువ్వేం చేస్తావు, కరుస్తావా?"

గాడిద వంగి చూసింది. నిజమే, పళ్లు చిక్కాయి. "ఆయన తింటే నేను మెట్లెక్కాలా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"బెంగపడకు. కాస్త పడుకో," అని నక్క ఎంతో ప్రేమగా ఓదార్చింది.

గాడిద పడుకుంది. ఆరో రోజుకి రెండు వరసలు ఖాళీ.

పక్క చేలో ముళ్లకంప నములుతున్న మేక దగ్గరికి వెళ్లి గాడిద గోడు చెప్పుకుంది. ఆ మేకకి ఒకటే కొమ్ము.

"సూర్యుడు తిన్నాడని ఎవరు చెప్పార్రా?"

"నక్క మామ."

"ఆహా! ఈ వారంలో మీ మామ ఎంత లావయ్యాడో చూశావా?"

"ఎండకి ఒళ్లు వాచిందన్నాడు."

"ఒకటే ఎండ, ద్రాక్షని బక్క చేసి నక్కని లావు చేసిందా? ఒరేయ్ తమ్ముడూ, ఎండ పండులో నీళ్లు పీలుస్తుంది గానీ, తొడిమెతో సహా గుత్తిని ఎత్తుకుపోదురా!"

గాడిద మేక ఒంటికొమ్ము వంక చూసింది. ఉన్నట్టుండి దాని చెవులు రెండూ లేచాయి.

"అక్కా, నీ రెండో కొమ్ము ఎక్కడ పోయింది?"

"గోడ పక్క ముసలి తీగలో. తల పెట్టగానే లోపలికి పోయింది. వెనక్కి లాగితే రాదే! కొమ్ము అక్కడే వదిలేసి వచ్చాను. ఎందుకు?"

"ఊరికే."

మర్నాడు నక్క కనబడగానే గాడిద ఎగిరి గంతేసింది. "మామా, సూర్యుణ్ణి బోల్తా కొట్టించాను! అన్నిటికంటే తియ్యటి గుత్తుల్ని ముసలి తీగ బుట్టలో అడుగున దాచేశాను. ఆకుల చాటు కదా, ఆయన అక్కడికి రాలేడు. మిగతావి ఎలా తింటాడో నేనిక్కడే అటు తిరిగి నిలబడి చూస్తాను. ఇవాళ కునుకు లేదు."

"నీ బుర్రే బుర్ర అల్లుడూ!" అంది నక్క. సాయంత్రం ఎండ వాలి బుట్టలోకి దూరిందని చెబితే సరి, అనుకుంది.

గాడిద అటు తిరగగానే నక్క బుట్టలో తల పెట్టింది. చెవులు వెనక్కి వాలాయి, తల సులువుగా దిగింది. గుత్తి నోట పట్టి వెనక్కి లాగింది. ఈసారి చెవులు అడ్డం తగిలాయి. అరవై ఏళ్ల తీగ, గాడిద కాలంత లావు. ఎంత గింజుకుంటే అంత బిగిసింది. తోక ఒక్కటే బయట గిరగిరా తిరుగుతోంది.

గాడిద తీరిగ్గా నడిచి వచ్చింది.

"మేకక్కా, తొందరగా రా! సూర్యుడు దొరికాడు!"

"అవునా? ఎలా ఉన్నాడేం?"

"తోకతో ఉన్నాడు!"

"అల్లుడూ, నేను... కాపలాకి..." అంది నక్క బుట్టలోంచి.

"మాట్లాడకండి సూర్యుడుగారూ, నోట్లో గుత్తి పడిపోతుంది," అని గాడిద ఊరంతా అదిరేలా ఓండ్ర పెట్టింది.

అవ్వ పరుగెత్తుకొచ్చి తోకని చూసింది, ఖాళీ వరసల్నీ చూసింది. "అయితే పోయినేడు తిన్నదీ నువ్వేనన్నమాట!" అంది. ముసలి తీగ మీద కత్తి పెట్టడం ఆవిడకి ఇష్టం లేదు. తోక పట్టుకుని ఒక్క లాగు లాగింది. మేక కొమ్ము పక్కనే నక్క మెడ మీది బొచ్చంతా ఉండిపోయింది. బోడి మెడతో నక్క రేవు దాకా, ఆ ఆరు వందల మెట్లూ, ఒక్క చోటా ఆగకుండా దిగింది.

గాడిద మాత్రం తోటలోనే ఉంది. ఇప్పుడు మధ్యాహ్నం నిద్రపోవడం లేదు.

తన తప్పుని ఎండ మీదకి నెట్టేవాడు నీడలో దొరికిపోతాడు.