వరద లెక్క

గోదావరికి కొత్త నీరు వచ్చే రోజులు దగ్గరపడుతున్నాయి. హైమ రాసిన ప్రోగ్రాం మాత్రం ఇంకా తప్పే చెబుతోంది.

ఎగువన నీరు ఇంత ఉంటే నది మధ్యనున్న లంక ఊళ్లకు ఎప్పుడు చేరుతుందో చెప్పే లెక్క అది. వరద హెచ్చరికల ఆఫీసులో ఒకప్పుడు పనిచేసిన సోమయాజులు మాస్టారు దాన్ని ఎప్పుడో పాత కంప్యూటర్ భాషలో రాశారు. ఆఫీసుకు కొత్త కంప్యూటర్లు వచ్చాయి. వాటిలో వాడే కొత్త భాషకు ఆ పాత భాషతో పొత్తు కుదరలేదు. మొత్తం మళ్లీ తనే రాస్తానని హైమ పట్టుబట్టింది. ఎండాకాలమంతా కూర్చుని రాసింది. తీరా కిందటి వరదతో పోల్చి చూస్తే, నీళ్లు వచ్చిన వేళకన్నా మూడు గంటలు ఆలస్యంగా చూపిస్తోంది. ఆ మూడు గంటల్లో ఒక ఊరు మునిగిపోతుంది.

"మాస్టారు ఎక్కడ ఏం చేశారో తలా తోకా తెలియడం లేదండీ," అంది, తనకు పని నేర్పుతున్న పేర్రాజు గారితో. "ఆయన తిన్నగా రాసుంటే నాకీ తిప్పలు ఉండేవి కావు."

పేర్రాజు గారు స్కూటర్ తాళం తీసుకున్నారు. "పద, ఆయన్నే అడుగుదాం."

పేర్రాజు గారికి పని నేర్పింది ఆ మాస్టారే. ఇప్పుడు పక్షవాతంతో వాలుకుర్చీలో ఉన్నారు. మాట ముద్దయిపోయింది. హైమ అడిగింది, ఆయన ఏదో అన్నారు. ఒక్క ముక్క అర్థం కాలేదు. సాయం కోసం పేర్రాజు గారి వైపు చూస్తే, ఆయన మామిడిపండు ముక్కలు తింటూ కూర్చున్నారు.

మాస్టారి భార్య రాజ్యలక్ష్మి గారు వచ్చి హైమకూ ఆయనకూ మధ్య పీట వేసుకున్నారు. హైమ ప్రశ్నను ఆయన చెవి దగ్గర, ఆయనకు అందేలా నిదానంగా చెప్పారు. ఆయన జవాబు విని ఇటు తిరిగారు.

"ఎండిన ఇసుకకు ఒక లెక్క, తడిసిన ఇసుకకు ఒక లెక్క వేశారట. రెండూ ఒకటేననుకుని ఒకటి తీసేశావా అని అడుగుతున్నారు."

హైమ ముఖం ఎర్రబడింది. తీసేసింది.

"ఇంకా అలాంటివి ఎన్ని ఉన్నాయండీ?"

మాస్టారు నవ్వుతూ చాలాసేపు ఏదో చెప్పారు.

"బోలెడున్నాయట. అన్నీ ఆయనకే గుర్తు లేవట. 'పిల్ల తొందరమనిషిలా ఉంది, కాస్త పులిహోర పెట్టు' అంటున్నారు. ఆయన అన్నదే చెబుతున్నానమ్మా, ఏమీ అనుకోకు."

తిని లేస్తూ హైమ ఆవిడను అడిగింది. "ఆయనకు మాట మళ్లీ నేర్పించలేదాండీ?"

"మొదట్లో చూశానమ్మా. విసుక్కుని అన్నం మానేసేవారు. ఇక ఆయన్ని ఆయన మాటకు వదిలేసి, నేనే దాన్ని నేర్చుకున్నాను."

 

మర్నాడు హైమ తన ప్రోగ్రాంను పక్కన పెట్టేసింది. కొత్త కంప్యూటర్లోనే ఒక మూల, మాస్టారి ప్రోగ్రాంకు అలవాటైన పాత కంప్యూటర్ వాతావరణం కల్పించి దాన్ని అక్కడ కూర్చోబెట్టింది. ఆ మూలకూ కొత్త భాషకూ నడుమ చిన్న ప్రోగ్రాం ఒకటి రాసింది. ఇటు ప్రశ్న అటు, అటు జవాబు ఇటు చేర్చడమే దాని పని.

మొదటి వానలకు ముందే కిందటి వరద వేళలన్నీ సరిగ్గా కలిశాయి. పేర్రాజు గారిని పిలిచి చూపించింది.

"మాస్టారు రాసినదాంట్లో ఎంత మార్చావు?"

"ఒక్క అక్షరం కూడా మార్చలేదండీ."

ఆయన తెరను మరోసారి చూసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"మాస్టారికి ఫోన్ చేసి మీరే చెప్పండి," అంది హైమ.

"నేనెందుకు? నువ్వు రాజ్యలక్ష్మి గారికి చెప్పు. ఆయనకు ఆవిడ చెబుతారు."