ఊదితే తప్పులేదు

ఆ యూనివర్సిటీ మొత్తంలో బుర్ర ఉన్నవాళ్ళు ఇద్దరేనని వాచ్‌మన్ కోటిలింగం నమ్మకం. ఒకడు తాను, రెండోవాడు తనతో డ్యూటీ చేసే బావమరిది సూరన్న. మిగతావాళ్ళంతా పాపం చదువుకున్నవాళ్ళు.

ఒకరోజు రిజిస్ట్రారు గారు ఇద్దరినీ పిలిచి, ఇకమీదట ఆవరణలో ఎవరూ పొగ తాగకూడదని చెప్పారు. ఆ నియమం ఎలా నడుస్తోందో చూడటానికి కమిటీ వస్తుందట. వాళ్ళు బాగుందని సంతకం పెడితే ఇద్దరి ఉద్యోగాలూ పర్మనెంటు. ఆ ఒక్క మాట కోసమే కోటిలింగం ఇన్నేళ్ళూ గేటు దగ్గర ఎండలో మాడాడు.

మర్నాడే లైబ్రరీ వెనక ఒక కుర్రాడు సిగరెట్టుతో దొరికాడు. చెయ్యి పట్టుకోగానే గుప్పున పొగ వదిలాడు.

"బావా, వీడు తాగలేదు. తాగితే కడుపులో ఉండాలి కదా, అంతా బయటికి ఊదేశాడు" అన్నాడు సూరన్న.

ఆలోచిస్తే నిజమే. నీళ్ళు పుక్కిలించి ఉమ్మేసినవాణ్ణి నీళ్ళు తాగాడంటామా? అంతే, కుర్రాడికి క్షమాపణ చెప్పి పంపేశారు. ఇంకేముంది, ఆ మాట హాస్టలంతా పాకింది. కుర్రాళ్ళు గేటు దగ్గరికే వచ్చి, ఇద్దరి మొహాల మీదా ఊది, తాగలేదని రుజువు చేసుకుని పోతున్నారు.

రిజిస్ట్రారు గారు తల పట్టుకుని, అసలు పొగే కనబడకూడదని కేకలేశారు. అంతే, బావా బావమరుదులిద్దరూ క్యాంటీన్ పొయ్యిలో బిందెడు నీళ్ళు పోశారు. దోమల మందు కొట్టేవాణ్ణి గేటు బయటే ఆపారు. సిగరెట్టు ముట్టించినవాడి నెత్తిన సూరన్న బిందె బోర్లించాడు. కమిటీ వచ్చేనాటికి టిఫిన్లు లేవు, దోమలు దండిగా ఉన్నాయి, పొగ మాత్రం నిజంగానే లేదు.

కమిటీ పెద్దలు తిరిగి చూసి తెగ మెచ్చుకున్నారు. సంతకమే తరువాయి. కానీ గెస్ట్‌హౌస్‌లో కబుర్లలో పడి సాయంత్రమైనా లేవలేదు. రిజిస్ట్రారు గారు వరండాలోకొచ్చి విసుక్కున్నారు.

"వీళ్ళు కదిలేలా లేరయ్యా. పొగ పెడితే గానీ సంతకం పెట్టి పోరు."

కోటిలింగం పరుగెత్తాడు. ఎండు మట్టలు, గుప్పెడు మిరపకాయలు తెచ్చి కిటికీ కింద ముట్టించాడు. సూరన్న విసనకర్ర అందుకున్నాడు. పెద్దలు దగ్గుతూ, కళ్ళు నలుపుకుంటూ బయటికొచ్చి, సంతకం పెట్టకుండానే కారెక్కారు. రిజిస్ట్రారు గారు గేటు వైపు చెయ్యి చూపించారు.

"ఇద్దరూ ఇంటికి పోండి. పర్మనెంటుగా పోండి."

కోటిలింగం ఆనందానికి పట్టపగ్గాల్లేవు. దారిలో మిఠాయి కొని వీధంతా పంచి, డ్యూటీ ఇంటికి మార్చారని, అదీ పర్మనెంటుగానని భార్యకి చెప్పాడు. మర్నాడు పొద్దున్నే యూనిఫాం తొడుక్కుని సొంత గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. పాలకని వీధిలోకి వెళ్ళొచ్చిన భార్యని గుర్తింపు కార్డు లేదని లోపలికి రానివ్వలేదు.