అప్పలస్వామి అడిగిన సందేహం

ఒకానొక కాలంలో, తూర్పు కనుమల అంచున పైడిమెట్ట అనే చిన్న సంస్థానం ఉండేది. దాని ప్రభువు విజయభూపతి మద్రాసులో నాలుగేళ్ళు ఇంగ్లీషు చదివి వచ్చాడు. వచ్చింది మొదలు ఎవరు ఇంగ్లీషులో నోరు విప్పినా తప్పులు వెతికేవాడు. చివరికి, ఇంగ్లీషు తప్పు మాట్లాడినవారికి కొలువులో చోటు లేదని ఉత్తర్వు వేశాడు.

కొలువులో ఉత్తరాలు రాసే అప్పలస్వామి నలభయ్యో ఏట తనంతట తాను ఇంగ్లీషు నేర్చుకున్నవాడు. ఆ రోజు, దివాను రాలేదని కలెక్టరుకు తెలిపే ఉత్తరం చదివి వినిపిస్తున్నాడు.

"అవర్ దివాన్ డిడ్ నాట్ కేమ్..."

"ఆగు," అన్నాడు రాజు. "కేమ్ కాదు. కమ్."

"నిన్నటి సంగతి కదా ప్రభూ, అందుకని కేమ్ అన్నాను."

"ఎదురు చెప్పకు. రేపటినుంచి రానక్కర లేదు."

అప్పలస్వామి కాగితం మడిచి బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆస్థానంలో మాటకారిగా పేరుపడ్డ సీతాపతి వెనకాలే వెళ్ళి అతన్ని వాకిట్లో కలుసుకున్నాడు.

"ఉద్యోగం పోతే పోయింది సీతాపతిగారూ," అన్నాడు అప్పలస్వామి. "ఇప్పుడు తెలుగు మాట్లాడాలన్నా నోరు తడబడుతోంది."

సీతాపతికి ఆ మాట మనసులో ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడు కలెక్టరు హార్లీ దొర కొలువుకు వచ్చాడు. తెలుగు నేర్చుకున్నానని ఆయనకు మహా సంబరం. కూర్చోగానే అడిగాడు.

"రాజావారూ, మీ తల్లి బాగుందా? మీ ఏనుగు బాగున్నారా?"

రాజు మురిసిపోయాడు. "ఎంత ముద్దుగా మాట్లాడారు దొరగారూ!"

సీతాపతి లేచి, వాకిట్లో పెట్టిన దొర టోపీ తెచ్చి, రెండు చేతులా పట్టుకుని ఆయన ముందు నిలబడ్డాడు.

"నేను ఇప్పుడు వెళ్ళడం లేదే," అన్నాడు దొర.

"వెళ్ళక తప్పదేమో దొరగారూ. తప్పు మాట్లాడినవారికి ఈ కొలువులో చోటు లేదని ప్రభువులవారి ఉత్తర్వు. నిన్ననే ఒకరు వెళ్ళిపోయారు."

రాజు ముఖం పాలిపోయింది. "సీతాపతీ, ఆ ఉత్తర్వు ఇంగ్లీషుకు."

"తెలుగుకు ఆపాటి గౌరవం లేదా ప్రభూ?"

దొర మెల్లగా అడిగాడు. "నా తప్పు ఏమిటి?"

సీతాపతి చెప్పాడు. గౌరవం ఏనుగుకు దక్కింది, రాజమాతకు దక్కలేదు అన్నాడు.

దొర టోపీ అందుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఎనిమిదేళ్ళుగా అందరి తల్లుల గురించీ ఇలాగే అడుగుతున్నాను. ఒక్కరూ చెప్పలేదు."

"మీకు చెప్పడానికి వాళ్ళు భయపడ్డారు. మాట్లాడడానికి మా అప్పలస్వామి భయపడుతున్నాడు. మీ తప్పు విని ప్రభువులు మురిశారు, అతని తప్పు విని వాకిలి చూపించారు. తప్పులో తేడా ఏమిటో నాకు తెలియడం లేదు."

రాజు తల దించుకున్నాడు. "అప్పలస్వామిని పిలవండి," అన్నాడు.

అప్పలస్వామి వచ్చి దూరంగా నిలబడ్డాడు. రాజు దగ్గరకు పిలిచి కూర్చోబెట్టాడు. "నిన్న తొందరపడ్డాను. నీ పని నీదే. ఏదైనా సందేహం ఉంటే అడుగు."

అప్పలస్వామి జంకుతూనే అడిగాడు. "డిడ్ అన్నాక కేమ్ ఎందుకు అనకూడదు ప్రభూ? జరిగిపోయిన సంగతే కదా."

రాజు చెప్పబోయి ఆగి, దొర వైపు తిరిగాడు. "తమరు చెప్పండి."

దొర గడ్డం నిమురుకుని ఆలోచించాడు. "నాకూ తెలియదు," అన్నాడు చివరికి. "మా ఇంట్లో అందరూ అలాగే అంటారు."

రాజుకు నవ్వు ఆగలేదు. కళ్ళు తుడుచుకుంటూనే తన భుజంమీది శాలువా తీసి సీతాపతికి కప్పాడు. పాత ఉత్తర్వు తెప్పించి, దాన్ని కొట్టివేయమని అప్పలస్వామి చేతికే కలం ఇచ్చాడు.