వెనక తొక్కేవాడు

మస్తాన్‌ని జట్టులోంచి తీసెయ్యమని మాస్టారితో ఎలా చెప్పాలా అని దాలినాయుడు నాలుగు రోజులుగా లోలోపల నలిగిపోతున్నాడు.

చెప్పకపోతే కుదరదు. కొండల మీద సైకిల్ పోటీ దగ్గరికొచ్చేసింది. రెండేళ్లుగా మొదటి బహుమతి చేతిదాకా వచ్చి జారిపోతోంది. ఈసారి కూడా పోతే ఇంక పోయినట్టే. వచ్చే ఏడు వాడి నాన్న వాణ్ని చెరుకు గానుగ దగ్గర కూర్చోబెట్టేస్తానని ముందే చెప్పేశాడు.

ఆ పోటీ ఒక్కడి బలంతో తేలేది అయితే దాలినాయుడికి బాధే లేదు. అది జంటల పోటీ. ఎండెక్కక ముందు మొదలెట్టి పొద్దు వాలేదాకా, రాళ్లలో, బురదలో, కాఫీ తోటల మధ్య కాలిబాటల మీద ఇద్దరిద్దరు చొప్పున తొక్కాలి. మధ్య మధ్య ఒక మనిషి జెండా కర్ర పట్టుకుని నిలబడి ఉంటాడు. జంటలో ఇద్దరూ వచ్చి ఆ కర్ర ముట్టుకుంటేనే ముందుకు వదుల్తాడు. ఒకడు రివ్వున వచ్చేసి, రెండోవాడింకా కింద మలుపుల్లో ఆయాసపడుతూ ఉంటే, వచ్చినవాడు కర్ర పక్కన నిలబడి గోళ్లు గిల్లుకోవాల్సిందే.

రెండేళ్లుగా దాలినాయుడు గిల్లుకుంటున్నది అవే గోళ్లు. కొండ ఎక్కడంలో వాడికి ఎదురు లేదు. మస్తాన్‌కేమో దిగుడు బాగా వచ్చు, ఎక్కుడు రాదు. పైగా వాళ్లిద్దరూ చిన్నప్పటి నుంచీ ఒకే కంచంలో తిన్నవాళ్లు. ఒక్క సైకిలు మీద, ఒకడు తొక్కితే ఇంకొకడు వెనక కూర్చుని, బడికెళ్లినవాళ్లు. అందుకే మాట గొంతు దాకా వచ్చి అక్కడే ఉండిపోతోంది.

ఇదంతా ఆ ఘాట్ రోడ్డు మీద ఇన్ని కార్లు తిరగని రోజుల సంగతి. ఇప్పుడక్కడ మలుపుకో టీ దుకాణం, ఫోన్లు పైకెత్తి ఫోటోలు దిగే జనం. ఆ రోజుల్లో పొద్దున్నే ఘాట్ ఎక్కితే ఎదురయ్యేది పాడేరు నుంచి దిగే బస్సు, సంతకి పసుపు మోసుకెళ్లే మనుషులు, అంతే. కాఫీ పూసే రోజుల్లో దారంతా మల్లె తోటలో తిరిగినట్టు ఉండేది. ఆ వాసన గుర్తొస్తే దాలినాయుడికి ఈ వయసులో కూడా మనసు అదోలా అయిపోతుంది.

ఘాట్ మొదట్లో సత్యానందం మాస్టారి పెంకుటిల్లు, దాని వెనక రేకుల షెడ్డు. ఏదో స్కూల్లో డ్రిల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారాయన. భార్య పోయాక, ఉన్న బలమంతా సైకిలు పోటీలకి తయారయ్యే కుర్రాళ్ల మీద పెట్టారు. సెలవులొస్తే కుర్రాళ్లకి అక్కడే తిండి, అక్కడే పడక. పొద్దున్న అంబలి, మధ్యాహ్నం అన్నం, పప్పుచారు. ఫీజు అన్న మాట ఆ షెడ్డులో ఎవరూ ఎరగరు. మాస్టారు మాట మాత్రం మహా పొదుపు. మెచ్చుకుంటే "ఊఁ" అంటారు. తిట్టినా "ఊఁ" అనే అంటారు. తేడా తెలుసుకోవడానికే కుర్రాళ్లకి ఒక ఏడాది పట్టేది.

ఆ షెడ్డులో ఒక ఆచారం ఉండేది. ఎవడి సైకిలు వాడు కడగకూడదు. జంటలో రెండోవాడిది కడగాలి. ఎందుకని అడిగితే మాస్టారు చెప్పరు.

కాబట్టి ఆ రోజు మస్తాన్‌ని తీసెయ్యమని అడిగేటప్పుడు దాలినాయుడి చేతిలో ఉన్నది మస్తాన్ సైకిలే. పళ్లు తోముకునే పాత బ్రష్షుతో దాని గొలుసుకి పట్టిన మట్టి రుద్దుతున్నాడు. మస్తాన్ కొండవాగులో, అదే గెడ్డలో, స్నానానికి వెళ్లాడు. మాస్టారు ముక్కాలి పీట మీద కూర్చుని, ఒక చక్రం ఒళ్లో పెట్టుకుని పుల్లలు బిగిస్తూ దాని వంకర తీస్తున్నారు.

"మాస్టారూ, ఒక మాటండి."

"ఊఁ."

"ఈసారి కూడా మస్తాన్‌తో అవదండి."

మాస్టారు చక్రం తిప్పి చూసుకున్నారు. దాలినాయుడు ఇంక ఆగలేదు.

"నేనేమీ వాడి మీద కోపంతో అనట్లేదండి. వాడు నా ప్రాణమండి. కానీ ప్రతి జెండా దగ్గరా వాడి కోసం నిలబడ్డమే సరిపోతోంది. కొత్తగా వచ్చాడు కదండి ధనుంజయ, నాతో సమానంగా ఎక్కేస్తున్నాడు. నాకు వాణ్ని జంట వేస్తే ఈసారి మనదేనండి."

"మస్తాన్‌కి చెప్పావా?"

దాలినాయుడు గొలుసు ఇంకాస్త గట్టిగా రుద్దాడు. "మీరు చెప్తే బాగుంటదేమోనండి."

ఎంత చక్కని సలహానో చూడండి. కోరిక తనది, చెప్పే నోరు మాస్టారిది.

మాస్టారు చక్రం పక్కన పెట్టి లేచారు. గోడ మేకుకి వేలాడుతున్న తన పాత సైకిలు దించుకుని రోడ్డు మీదకొచ్చారు.

"పద. ఘాట్ ఎక్కుదాం. నువ్వు ముందు, నేను వెనక. మెడ తిప్పి చూడకూడదు. పైకెళ్లాక నేనెలా వచ్చానో చెప్పు. సరిగ్గా చెప్తే నువ్వడిగినట్టే చేద్దాం."

ఆయన అంత పొడుగు మాట్లాడ్డం దాలినాయుడు వినడం అదే మొదటిసారి. ఇంత తేలికా అనుకున్నాడు. అరవై దాటిన మనిషి. మొదటి మలుపులో బాగానే వస్తాడు, మూడో మలుపుకి ఆయాసం, ఆ పైన దిగి నడక. ఇందులో చెప్పడానికేముంది?

ఎక్కాడు. వెనక గొలుసు కిటకిటమంటూ వినిపిస్తూనే ఉంది. వస్తున్నారు, పర్వాలేదే ముసలాయన, అనుకున్నాడు. ఒక చోట "మాస్టారూ, ఇక్కడ కంకర ఉంది, జాగ్రత్తండి" అని కూడా చెప్పాడు. జవాబు రాలేదు. ఆయన ఎప్పుడు ఇచ్చారు గనక. కాస్త పైకెక్కాక కాళ్లు ఊపందుకున్నాయి, ఎండ వీపు మీద హాయిగా ఉంది, మొదటి బహుమతి తీసుకుంటున్నట్టు, వాళ్ల నాన్న జనంలో నిలబడి చూస్తున్నట్టు ఊహ వచ్చింది. ఆ ఊహలోనే శిఖరం వచ్చేసింది.

దిగి, చెమట తుడుచుకుని, నవ్వుతూ వెనక్కి తిరిగాడు.

రోడ్డు ఖాళీగా ఉంది.

కాసేపు చూశాడు. ఇంకాసేపు చూశాడు. ఏ మలుపులోనన్నా పడిపోయారేమో. గబగబా సైకిలెక్కి కిందికి దిగుతూ ప్రతి లోయలోకీ తొంగి చూశాడు. "మాస్టారూ" అని పిలిచాడు. సంతకెళ్లొస్తున్న ఒక ఆడమనిషిని అడిగితే, "ముసిలాయనా? నాకెవరూ కనబడ్లేదు బాబూ" అంది. వాడికి ఏడుపొక్కటే తక్కువ.

కిందికొచ్చి చూస్తే మాస్టారు ముక్కాలి పీట మీద కూర్చుని పుల్లలు బిగిస్తున్నారు. ఆయన సైకిలు గోడ మేకుకి వేలాడుతోంది.

"ఎలా వచ్చాను?"

దాలినాయుడు మేకు వైపు చూశాడు. "మీరు... అసలు బయల్దేరనే లేదాండి?"

"ఊఁ."

"మరి గొలుసు చప్పుడు వినపడిందండి వెనక. పైదాకా వినపడింది."

మాస్టారు లేచొచ్చి దాలినాయుడి సైకిలు వెనక భాగం ఒక చేత్తో ఎత్తి, రెండో చేత్తో పెడలు తిప్పారు. కిటకిట, కిటకిట. దించేసి వెళ్లి మళ్లీ కూర్చున్నారు.

దాలినాయుడి మొహం కందగడ్డ అయింది. సిగ్గు ఒక పక్క, కోపం ఒక పక్క. ఇరవయ్యేళ్ల వయసులో ఆ రెండూ కలిస్తే ముందు బయటికొచ్చేది కోపమే.

"సరేనండి, నేను వినలేదు. ఒప్పుకుంటున్నాను. కానీ నేను వింటే మాత్రం మస్తాన్ వేగంగా ఎక్కేస్తాడా? వాడి కాళ్లకి నా చెవులేం చేస్తాయండి?"

"అదీ నిజమే," అన్నారు మాస్టారు. అప్పుడే మస్తాన్ తడి తువ్వాలు భుజాన వేసుకుని గెడ్డ వైపు నుంచి వస్తున్నాడు. మాస్టారు గొంతు తగ్గించారు. "ఈసారి వాణ్ని ముందు పెట్టి నువ్వు వెనక పో. నీకిష్టమైన చోట చప్పుడు చెయ్యకుండా ఆగిపో. నిన్ను చూసుకోకుండా వాడు పైదాకా పోయాడంటే, రేపట్నించి నీకు ధనుంజయే జంట. మస్తాన్‌కి నేనే చెప్తాను."

"నేను ముందా?" అని మస్తాన్ నవ్వాడు. "ఏటి విశేషం?" అన్నాడు. ఎవరూ చెప్పకపోతే మళ్లీ అడిగే రకం కాదు వాడు. ఎక్కి తొక్కడం మొదలెట్టాడు.

మస్తాన్ వీపుని వెనక నుంచి చూడ్డం దాలినాయుడికి కొత్త. చొక్కా భుజం దగ్గర కుట్టు విడిపోయి ఉంది. ఎక్కుడు వచ్చినప్పుడల్లా ఎడమ భుజం వంగిపోతోంది. ఇది ఎప్పట్నించి, అనుకున్నాడు. అనుకుని, ఆ ఆలోచన పక్కకి తోసేసి, ఎక్కడ ఆగాలా అని దారి వెతుక్కున్నాడు.

మంచి చోటే దొరికింది. మధ్యలో ఒక గెడ్డ బండల మీద పడి హోరెత్తిపోతూ ఉంటుంది. అక్కడ లారీ హారను కొట్టినా వినపడదు. కొంచెం దొంగబుద్ధే మరి. ఆ హోరులో మెల్లగా బ్రేకు పట్టి, దిగి, సిల్వర్ ఓక్ చెట్టు వెనక సైకిలుతో సహా నిలబడ్డాడు. మస్తాన్ వంగిన భుజంతో, వెనక్కి చూడకుండా, మలుపు తిరిగి కనుమరుగైపోయాడు.

ఇన్నేళ్ల తరవాత దాలినాయుడికి గెలిచిన పోటీలూ ఓడిన పోటీలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఆ ఏడు ఎన్నో స్థానం వచ్చిందంటే తల గోక్కుంటాడు. మాస్టారు పోయారు, ఆ షెడ్డూ పోయింది. కానీ ఆ చెట్టు వెనక నిలబడ్డ కాసేపు మాత్రం వాడి మనసులో పచ్చిగానే ఉంది. పో, పో, పైకి పోరా, అని ఆ కాసేపూ మస్తాన్‌ని మనసులో తోస్తున్నాడు. తోస్తూనే, వాడు నిజంగా పోతాడేమోనని ఎందుకో దిగులుపడుతున్నాడు. ఏది కావాలో వాడికే తెలీలేదు.

మలుపులో సైకిలు ముందు చక్రం కనిపించింది. మస్తాన్ దిగి, సైకిలు నడిపించుకుంటూ వెనక్కి వస్తున్నాడు. రెండో చేతిలో అప్పుడే గాలి పంపు తీసి పట్టుకున్నాడు.

"పంచరా?" అన్నాడు.

దాలినాయుడు చెట్టు వెనక నుంచి బయటికొచ్చాడు. "కాదు. ఊరికే ఆగాను. నీకెలా తెలిసింది?"

"గెడ్డ దాటాక నీ ఊపిరి మళ్లీ వినపడాలి కదా. వినపళ్లేదు."

"నా ఊపిరా?"

"మరేటి? ఎప్పుడూ ముందు పోయేది నువ్వే కదా నాయుడూ. మలుపు తిరిగితే కనపడవు. చెవులతోనే కదా వెతుక్కోవాలి." తప్పు పట్టినట్టు అన్లేదు వాడు. దారి ఇటు అని చెప్పినట్టు చెప్పాడు. పంపు మళ్లీ సైకిలుకి తగిలించుకుంటూ, "మొదటి ఏడు నీ వెనకే రావాలని తొందరపడి ఊపిరాడక చచ్చేవాణ్ని. తర్వాత అలవాటైపోయింది. నీ ఊపిరి మారిందంటే పైన నిటారు ఎక్కుడుందని తెలిసిపోద్ది నాకు," అన్నాడు.

దాలినాయుడు వాడి మొహం వైపు చూడలేకపోయాడు. రెండేళ్లుగా జెండా కర్ర పక్కన నిలబడి తను దిక్కులు చూసిన నిమిషాలన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. ఆ నిమిషాల్లో ఒక్కసారైనా కిందికి చెవి పెట్టింది లేదు.

"పైకి పోదామా?" అన్నాడు మస్తాన్.

"వద్దు. దిగుదాం."

కిందికొచ్చేసరికి మాస్టారి ఒళ్లో చక్రం ఇంకా అలాగే ఉంది.

"ఎంతదాకా పోయాడు?" అని అడిగారు దాలినాయుణ్ణి.

దాలినాయుడు తల దించుకున్నాడు.

మస్తాన్ ఒకసారి మాస్టారి మొహం, ఒకసారి దాలినాయుడి మొహం చూశాడు. వాడేమీ తెలివితక్కువవాడు కాదు. రెండేళ్లుగా జట్టు ఎవరి వల్ల ఓడిపోతోందో వాడికి అందరికన్నా బాగా తెలుసు. మొహంలో నవ్వు మెల్లగా తగ్గిపోయింది.

"ఇది నా గురించేనా మాస్టారూ?" అన్నాడు. "నా బదులు ధనుంజయని వేస్తున్నారా?"

దాలినాయుడు మాస్టారి వైపు చూశాడు. ఇప్పుడు చెప్పేస్తారు. చెప్పడం న్యాయమే. చెప్పాక మస్తాన్ ఏమీ అనడు, తువ్వాలు తీసుకుని, ఆటో ఎక్కి ఊరెళ్లిపోతాడు. ఇంక ఎన్నేళ్లు ఎదురుపడ్డా నవ్వుతాడు గానీ, ఆ నవ్వు ఇది కాదు.

మాస్టారు ఒక పుల్ల బిగించి, వేలితో మీటి చూసుకున్నారు.

"నీ గురించేరా. పోటీలో ఇక మీదట నువ్వే ముందు తొక్కాలట, తను నీ వెనక వస్తాడట. ఇందాకట్నించీ నా ప్రాణం తోడేస్తున్నాడు."

మస్తాన్ నమ్మలేనట్టు దాలినాయుడి వైపు తిరిగాడు. "నిజంగానా నాయుడూ?"

మాస్టారు చక్రం మీద నుంచి కళ్లెత్తలేదు.

దాలినాయుడు మస్తాన్ కళ్లలోకి సూటిగా చూశాడు.

"నిజమే," అన్నాడు.