పదకొండు రేవులు

అనగనగా అనగానే అడవే ఉండాలా ఏమిటి? ఈ కథ అడవిలో జరగలేదు. సముద్రం పక్కనున్న ఒక ఉప్పునీటి సరస్సులో మొదలైంది. కదలకుండా కూర్చోండి, చెబుతాను. మన తూలికలాగా లేచి కూర్చుని, కూర్చుని లేచి చేయకండి.

తూలిక ఒక పెద్దబాతు. తల వెనక రెండు నల్ల చారలు, పసుపుపచ్చ ముక్కు, చూడముచ్చటగా ఉండేది. చలికాలమంతా వాళ్ళ గుంపు ఆ సరస్సులోనే గడిపేది. ఎండలు ముదిరేలోగా మంచుకొండలు దాటి, అవతలున్న చల్లటి సరస్సుకి వెళ్ళి గుడ్లు పెట్టుకునేది.

ఆ ఏడు తూలికకి నిలకడ లేదు. నీళ్ళలో దిగితే ఒడ్డెక్కేది, ఒడ్డెక్కితే మళ్ళీ దిగేది. మేస్తూ మేస్తూ తలెత్తి ఉత్తరం వైపు చూసేది. కారణం ఉంది పాపం. కిందటేడు గాలివాన వల్ల గుంపు ఆలస్యంగా చేరింది. అప్పటికే సరస్సు మధ్యనున్న లంకంతా వేరే బాతులతో నిండిపోయింది. గతిలేక తూలిక ఒడ్డున గూడు కట్టుకుంటే, నక్క వచ్చి నాలుగు గుడ్లూ తినేసి పోయింది. ఈసారి ఎలాగైనా లంకలో చోటు దొరకాలి, పిల్లల్ని కళ్ళ చూసుకోవాలి. తూలికకి వేరే ఆలోచనే లేదు.

గుంపుకి పెద్ద రేవులమ్మ. దారిలో దిగి మేసే చోట్లని వాళ్ళు రేవులంటారు. ఆ పేర్లన్నీ కంఠతా వచ్చు కాబట్టి ఆ ముసలి బాతుకి ఆ పేరు. ప్రయాణం దగ్గరపడితే రోజూ సాయంత్రం రేవులమ్మ ఒక్కో రేవూ చెప్పేది, అందరూ వెనకాలే వల్లించేవారు. ఎంత దూరమని ఎవరైనా అడిగితే పదకొండు రేవులనేవారు. వాళ్ళకి తెలిసిన కొలత అదే.

ఒకనాడు విమానాశ్రయం కప్పులో కాపురముండే గోరువంక ఒకటి నీళ్ళు తాగడానికి వచ్చింది. అబ్బో, దాని దర్జా చూడాలి. రోజంతా మైకులో చెప్పేవి వింటుంది కదా, తనకి తెలియనిది లేదని దాని నమ్మకం. మీరు వెళ్ళే వైపే మా విమానం కూడా వెళుతుందని, కొండల అవతలి విమానాశ్రయానికి నాలుగు వేల కిలోమీటర్లని, ఐదున్నర గంటల్లో దిగుతుందని గడగడా చెప్పింది.

“మధ్యలో ఎన్ని రేవులు?” అని అడిగింది తూలిక.

“రేవులేమిటి? ఒక్కచోట కూడా ఆగదు,” అంది గోరువంక.

ఆ మాట తూలిక బుర్రలో దూరి కూర్చుంది. లెక్క వేసుకుంది. రెక్కలాడించేది మహా అయితే పది రోజులు. ప్రయాణానికి పట్టేది నలభై రోజులు. మరి మిగతా ముప్పై రోజులూ తిని కూర్చోవడమేగా? చరచరా రేవులమ్మ దగ్గరికి వెళ్ళి, ఈసారి రేవులు వద్దు, తిన్నగా వెళ్ళిపోదామంది. రేవులమ్మ కోప్పడలేదు.

“విమానానికి దిగాక పనేం లేదమ్మా. నీకు అసలు పని దిగాకే ఉంది,” అంది.

తూలికకి అది ముసలమ్మ చాదస్తమనిపించింది. మర్నాడు పొద్దున్నే మొగుడు ధవళుణ్ణి వెంటబెట్టుకుని ఎగిరిపోయింది. పెద్దబాతుల జంట విడిపోదు కదా, అతను కాదనలేకపోయాడు.

మొదటి రేవు ఒక పెద్ద నది ఇసుకతిన్నె. చుట్టూ లేత గడ్డి. ధవళుడు కిందకి చూశాడు. తూలిక చూడలేదు.

తర్వాతది కొండల కింద గోధుమ కోసిన చేను. నిండా గింజలు రాలి ఉన్నాయి. ఒక్కరోజు ఆగుదామన్నాడు ధవళుడు. కిందటేడు ఆలస్యమే మన కొంప ముంచిందని తూలిక విసుక్కుంది. అలసటకి తాళలేనప్పుడు ఏ నీళ్ళ మీదో వాలి, కాస్త కునుకు తీసి, మళ్ళీ లేచేవారు.

మంచుకొండలు దాటాక ఒక చిత్తడి నేల వచ్చింది. అప్పటికి తూలిక రొమ్ము ఎముక బయటికి పొడుచుకొచ్చింది. దిగాలని తనకే అనిపించింది. కానీ ఈలోగా ఇంకెవరైనా లంక చేరిపోతారేమోనని రెక్కలు ఇంకా గట్టిగా ఆడించింది. దిగలేదు.

పదో రోజున చేరారు. సరస్సులో మంచు అప్పుడప్పుడే కరుగుతోంది. లంక మీద ఒక్క బాతు కూడా లేదు. తూలిక ఆనందం పట్టలేక లంకంతా రెండుసార్లు పరుగెత్తింది. గాలి తగలని చోటు ఎంచుకుంది. ఎండుగడ్డి పరిచి, రొమ్ము ఈకలు పీకి మెత్తగా వేసి, ఎక్కి కూర్చుంది. వాళ్ళ ఆచారం ప్రకారం ధవళుడు గూటి పక్కన మెడ నిక్కించి కాపలా నిలబడ్డాడు.

వారం గడిచింది. గుడ్డు లేదు. మూడు వారాలు గడిచాయి. అయినా లేదు. అక్కడ గడ్డి ఇంకా మొలవలేదు, తిందామంటే ఎండు వేళ్ళు తప్ప ఏమీ లేవు. తూలిక లేచి కింద చూసుకునేది, మళ్ళీ కూర్చునేది. కాసేపటికి మళ్ళీ లేచేది.

పదకొండు రేవుల్లోనూ మేసుకుంటూ, బయల్దేరిన నలభయ్యో రోజుకి గుంపు వచ్చింది. అందరూ నిండుగా, బరువుగా దిగారు. నాలుగు రోజుల్లో లంకంతా గూళ్ళు, గూళ్ళ నిండా గుడ్లు. రేవులమ్మ తూలికని చూడటానికి వచ్చింది.

“నేనెప్పుడు పెడతానవ్వా?” అని అడిగింది తూలిక.

“గుడ్డు ఇక్కడ తయారవదమ్మా. ఒక్కో రేవులో తిన్న మేతే ఒంట్లో చేరి గుడ్డవుతుంది. అదంతా నువ్వు దారిలోనే వదిలేసి వచ్చావు. ఈ ఏటికి ఇక లేదు తల్లీ,” అంది రేవులమ్మ.

తూలిక వెక్కి వెక్కి ఏడ్చింది. ధవళుడు మాత్రం కాపలా మానలేదు.

ఆ మధ్యాహ్నం అందరికంటే చివరగా ఒక జంట వచ్చింది. ఆడబాతు నేడో రేపో గుడ్డు పెట్టేలా ఉంది. లంక చుట్టూ తిరిగింది, ఎక్కడా జానెడు చోటు లేదు. చేసేదిలేక ఒడ్డు వైపు మళ్ళింది. అక్కడ పొద మాటున నక్క ఉంది. తూలికకి ఆ ఒడ్డు బాగా తెలుసు. గూడు మీంచి లేచింది.

“అటు వెళ్ళకు చెల్లీ. ఇదిగో, ఇక్కడ పెట్టుకో,” అని పిలిచింది.

ఆ ఆడబాతు ఆ గూట్లో ఐదు గుడ్లు పెట్టింది. పొదిగినన్నాళ్ళూ దాని మొగుడితో పాటు ధవళుడూ, ధవళుడి పక్కన తూలికా కాపలా నిలబడ్డారు.

నీతి: అందరికంటే ముందు చేరడం గొప్ప కాదు, చేరాక చేయవలసిన పనికి సత్తువ మిగుల్చుకుని చేరాలి.