కోనమ్మ సత్రానికి కొత్త యజమాని

పక్కవాడి సొత్తు నాదేనని దబాయించే అలవాటు నీకుంది. కాస్త సిగ్గు తెచ్చుకుని ఈ కథ విను.

పూర్వం ఒక కనుమ దారిలో కోనమ్మ అనే ఆవిడ సత్రం నడిపేది. అది ఆమె మామగారి తాత కట్టింది. ఆమెకు వేరే నీడ లేదు. ఆ దారిన పోయే రాజుగారి వార్తాహరుడి గుర్రం అలసిపోతే, సత్రం యజమాని తన గుర్రాన్ని ఇచ్చి తీరాలి. అది రాజశాసనం.

ఒకరోజు జాగీర్దారు భుజంగరాయుడు తెల్ల గుర్రమెక్కి వచ్చాడు.

"ఈ సత్రం మా తాతలది. ఖాళీ చెయ్యి!" అని గద్దించాడు. అతనికి ఎదురు చెప్పే ధైర్యం అక్కడున్న బాటసారుల్లో ఎవరికీ లేదు.

అప్పుడే ఒక వార్తాహరుడు నురగలు కక్కుతున్న గుర్రాన్ని వాకిట్లో ఆపాడు. కోనమ్మ అతన్ని చూసింది.

"అలాగే దొరా. రేపు ఎవరూ కాదనకుండా ఆ మాట ఇప్పుడే అందరి ముందూ చెప్పండి," అంది.

"ఈ సత్రానికి యజమానిని నేనే!" అని భుజంగరాయుడు అరిచాడు.

కోనమ్మ తాళంచెవి అతని చేతిలో పెట్టి, వార్తాహరుడి వైపు తిరిగింది.

"గుర్రం కావాలా నాయనా? యజమానిగారు అదుగో, వారినే అడుగు."

వార్తాహరుడు తెల్ల గుర్రం మీది జీను తీసి కింద పడేసి, తన జీను బిగించాడు.

"ఒరేయ్ ఆగు! ఆమె గుర్రపుసాలలో గుర్రాలున్నాయిగా!"

"అవి నావి దొరా. మీరడిగింది సత్రమేగా?" అంది కోనమ్మ.

తెల్ల గుర్రం దుమ్ము రేపుకుంటూ మలుపు తిరిగిపోయింది.

"ఈ వార్తాహరులు ఎన్నాళ్లకోసారి వస్తారు?" అన్నాడు భుజంగరాయుడు నీరసంగా.

"రోజూ వస్తారు దొరా."

అతను తాళంచెవి తిరిగిచ్చేసి, సత్రం తనది కాదని అందరి ముందూ ఒప్పుకున్నాడు. ఆ మిట్టమధ్యాహ్నం వెండి పువ్వుల జీను నెత్తిన పెట్టుకుని, తన జాగీరు జనమంతా చూస్తుండగా ఇంటిదాకా నడిచాడు.