రాణిగారి ముఖం అరగదీసిందెవరు?

కుంభగిరి అని ఒకానొక రాజ్యం. దాన్నేలే ప్రతాపమల్లుడికి తన ముఖమంటే ఎంత మోజో చెప్పలేం! కొత్త వెండి నాణేల మీద తన బొమ్మ వేయించి, ముత్తవ్వ, వీరమాంబ రాణి నాటి నాణేలన్నీ కరిగించెయ్యాలని చాటింపు వేయించాడు.

అందరూ తెచ్చి కుప్ప పోశారు. మంత్రసాని ఎర్రక్క మాత్రం ఇవ్వనంటే ఇవ్వనంది. భటులు ఆమెను సభకు ఈడ్చుకొచ్చారు.

ఆమె నాణెం చూసి రాజు మండిపడ్డాడు. దాని మీద రాణికి ముక్కూ లేదు, కళ్లూ లేవు.

"మా వంశపు ముఖాన్నే అరగదీస్తావా? పొద్దుగూకేలోగా రాజ్యం విడిచి పో!"

ఎర్రక్క డెబ్బయ్యేళ్ల మనిషి, ఎక్కడికని పోతుంది పాపం!

అప్పుడు విదూషకుడు గుండన్న లేచాడు. "మహాప్రభూ, ఈమె ఒక్కతేనా? అరగదీసిన వాళ్లందరికీ ఇదే శిక్ష పడొద్దూ?"

"అందరికీ! ఎంతటివాడైనా సరే. ఇది నా మాట!"

"ఎలా అరిగిందో చెప్పు ఎర్రక్కా," అన్నాడు గుండన్న.

"మా అమ్మమ్మ కాలంలో కరువొచ్చి జనం రాలిపోతుంటే, వీరమాంబమ్మ తన వెండి సింహాసనం కరిగించి ఈ నాణేలు కొట్టించిందయ్యా. వాటితో ధాన్యం తెప్పించి మా వాళ్లను బతికించింది. తాను చివరిదాకా చాప మీదే కూర్చుని ఏలింది. అందుకే బిడ్డ పుడితే ఈ నాణెం వేసిన నీళ్లతోనే తొలి స్నానం. తల్లి దాన్ని కళ్లకద్దుకుని బిడ్డ నుదుటికి రాస్తుంది."

ముసలి సేనాపతి తెలియకుండానే చేతులు జోడించాడు.

"ఈ కోటలో ఎవరికి రాశారు?" అడిగాడు గుండన్న.

ఎర్రక్క రాజు వైపు చూసి నసిగింది. "ఈ బాబుకే. పుట్టగానే ఏడవలేదు. రాజమాత దీన్ని నుదుట పెట్టి రుద్దగా రుద్దగా, అప్పటికి కేరుమన్నాడు."

గుండన్న వినయంగా చేతులు కట్టుకున్నాడు. "దోషులు దొరికారు ప్రభూ! రాజమాతగారికీ తమకూ పల్లకీలు సిద్ధం చేయించనా? పొద్దుగూకుతోంది."

రాజు నాణేన్ని అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో తడిమాడు. ఎన్ని వేల నుదుళ్లు తాకిన వెండి! అందులో తనదొకటి. సింహాసనం దిగి, దాన్ని కళ్లకద్దుకున్నాడు.

"అయ్యో ప్రభూ, ఇంకాస్త అరిగింది!" అన్నాడు గుండన్న.

రాజు పగలబడి నవ్వాడు. "ఓరి నీ తెలివి కూలా!" అంటూ తన ముత్యాల హారం తీసి అతని మెడలో వేశాడు. కొలిమి ఆర్పించి, ఎవరి నాణేలు వాళ్లకిప్పించాడు.

తర్వాత ఎర్రక్క గుప్పిట్లో ఆ నాణెం పెట్టి, గొంతు తగ్గించి అన్నాడు:

"అవ్వా, వచ్చే నెల మా ఇంట పురుడు. ఇది తీసుకుని నువ్వే రావాలి."